కిందనుంచి చూసి గీసిన బొమ్మ

మార్చి 6

అక్కా!

నీ ఉత్తరం చేతికొచ్చి గంటయింది. మూడుసార్లు చదివాను. మొదటిసారి నిలబడి, రెండోసారి కూర్చుని, మూడోసారి మా ఆవిడకి వినిపిస్తూ. పదమూడు నెలలుగా నాతో మాట మానేసిన మనిషివి, నన్ను సాయం అడిగావు! అదీ దేనికి? పెడళ్ళకి! అక్కా, పాతికేళ్ళుగా కుట్టుమిషన్లు బాగుచేస్తున్నాను. కొట్టు తెరిచింది మొదలు మూసేదాకా నా ముక్కు ముందు ఉండేవి పెడళ్ళే. వాటి గురించి నాకు ఇంకొకళ్ళు చెప్పాలా?

నాకు అర్థమైంది రాస్తున్నాను, తప్పయితే దిద్దు. బల్బు మార్చబోయి స్టూలు మీంచి పడ్డావు. ఎడమ మోకాలు అతుక్కుంది గానీ పక్కకి కదలనని మొండికేసింది. నీ స్టీల్ గిటార్ కింద ఆ మోకాలితో ఇటూ అటూ నెట్టే మీటలు రెండున్నాయి. అవి నెట్టకపోతే మీ బ్యాండు మొదట వాయించే ఆ నెమ్మది పాట పలకదు. ఏప్రిల్ పద్దెనిమిదిన కొత్త హాలు తెరిచే రోజుకి ఆ పాట పలక్కపోతే మీ మాస్టారు నీ కుర్చీ ఇంకొకడికి ఇచ్చేస్తాడు. అందుకని మోకాలి పని పాదానికి అప్పగించాలి. ఉన్న మూడు పెడళ్ళకి ఇంకో రెండు కలపాలి. ఇంతేగా?

చేసేస్తా! కొలతలతో బొమ్మ గీసి పంపు. నీ గిటార్‌ని నేను చూసింది ఒక్కసారే. అదీ ఏదో బల్ల అనుకుని దానిమీద ఇస్త్రీ బట్టలు పెట్టబోయి తిట్లు తిన్నాను.

ఫోను చేద్దామంటే ఎత్తవు. ఆ టోపీ గొడవ ఇంకా మర్చిపోలేదా? మీ మాస్టారి గొంతు పెట్టి, "శనివారం అందరూ ఎర్రటోపీలతో రావాలి" అన్నాను, అంతే. నువ్వొక్కదానివే టోపీతో వెళ్తావని నాకేం తెలుసు? మిగతావాళ్ళకి నేను ఫోను చెయ్యలేదుగా!

చేతులు దురదపెడుతున్న
నీ సూది


మార్చి 11

ఒరేయ్ సూదీ,

మాట మానేసింది నిజమే. ఇప్పుడూ మాట్లాడటం లేదు, రాస్తున్నాను. నీ గొంతుని నేను నమ్మను. అది ఎప్పుడు ఎవరి గొంతో ఎవరికి తెలుసు? నీ చేతిరాతని మాత్రం నమ్ముతాను. అంత దరిద్రంగా రాయడం ఇంకొకడి వల్ల కాదు.

ఆ రోజు ఏం జరిగిందో నీకు పూర్తిగా తెలీదు. మాస్టారు ప్రతి పాటకి ముందు వేళ్ళు విరుస్తూ లెక్కపెడతారని చెప్పాను కదా. "ఒకటీ... రెండూ... మూడూ..." అంటూ నా నెత్తి వైపు చూశారు, మూడు దగ్గరే ఆగిపోయారు. ఆయన దగ్గర వాయించిన పదిహేనేళ్ళలో ఆయన నాలుగు అనకుండా ఆగడం అదొక్కసారే. హాలంతా నవ్వింది. నువ్వు అక్కడ లేవు, నీకు అది సరదా.

సరే, పని సంగతికి వస్తాను. గిటార్ నీ కుట్టుమిషన్ బల్లంత ఉంటుంది, నాలుగు కాళ్ళు. పైన పది తీగలు. కింద, ముందు కాళ్ళు రెండింటి మధ్య ఒక పట్టీ. దానికి మూడు పెడళ్ళు, నా ఎడమపాదానికి అందేలా. పెడల్ తొక్కితే నిలువు కడ్డీ దిగుతుంది, బల్ల కింద ఇరుసు తిరుగుతుంది, దానికి పట్టుకున్న సన్నకడ్డీ తీగని బిగిస్తుంది, లేదా వదులు చేస్తుంది. మోకాలి మీటలదీ అదే పని. కొత్త ఇరుసులకి చిల్లులు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ముందే ఉన్నాయి. చేసినవాడు నీలాంటివాడు కాడు, ముందుచూపున్నవాడు.

కుడిపాదం కింద ఉండేది వేరే సంగతి. అది వాల్యూం పెడల్. గిటార్‌కి తగిలించి ఉండదు, వైరు మాత్రమే. దాన్ని మెల్లగా తొక్కుతూ వదులుతూ ఉంటే స్వరం ఊపిరి తీసినట్టు లేస్తుంది. అది లేకపోతే తలుపు విసిరేసినట్టు దబ్బున పుడుతుంది. నా కుడిపాదం దాని మీంచి లేవదు.

బొమ్మ గీశాను, మీ బావ టేపుతో కొలిచారు. ముప్ఫయ్యేళ్ళు దర్జీ పని చేసిన మనిషి కదా, గిటార్‌కి కూడా నడుం కొలత అనే రాయించారు. అది నడుం కాదు, పొడవు.

ముఖ్యమైన మాట. ఊగకూడదు. మరలతో బిగిస్తే వదులవుతాయి, వెల్డింగ్ చెయ్యి.

ఇంకో మాట. నా గుండె దడదడలాడుతోందిరా. భయంతో కాదు. రెండు కొత్త పెడళ్ళంటే, పాతవాటితో కలిపి తొక్కితే, నేనింతవరకు వినని జతలు ఎన్నో వస్తాయి! ఉత్త పాదాలతోనే నేల మీద సాధన మొదలుపెట్టేశాను.

అక్క


మార్చి 16

నేల తొక్కుతున్న అక్కకి,

అదిరింది! నీ ఉత్తరం అందిన రోజే రెండు పాత మిషన్ల పెడళ్ళు విప్పి తోమాను. జాలీ పెడళ్ళు, పోత ఇనుము, నా కంటే వయసులో పెద్దవి. వాటిని చిన్నగా కోసి అంచులు అరగదీస్తే నీ పాదం వెడల్పుకి వచ్చాయి. ఇరుసులకి మిషన్ కింద చక్రం తిరిగే ఇరుసులే వాడాను. ఒకటి తొక్కి చూశాను అక్కా, వెన్న! చప్పుడే లేదు. మా ఆవిడని పిలిచి తొక్కించాను. "బాగుంది, కుట్టు ఎక్కడ పడుతుంది?" అంది.

కొట్టుకొచ్చిన ప్రతివాడికీ చూపిస్తున్నాను. ఒకావిడ జాకెట్టు మిషన్ తీసుకెళ్ళడానికొచ్చి అరగంట నిలబడి నీ మోకాలి కథంతా విని, మిషన్ మర్చిపోయి వెళ్ళింది.

మూడు ప్రశ్నలున్నాయి. జవాబు రాయి.

ఒకటి. పెడల్ మీద మీ మాస్టారి మొహం చెక్కమంటావా? తొక్కడానికి హుషారుగా ఉంటుంది.

రెండు. పెడళ్ళకి మేజోళ్ళు బావ కుడతాడా, నేనే కొనాలా?

మూడు. బొమ్మలో కొత్త పెడళ్ళు కుడి చివర, గిటార్ కుడి కాలికి ఆనుకుని ఉన్నాయి. నువ్వు ఎడమపాదం అంటున్నావు. ఇది పైనుంచి చూసి గీసిందా, కిందనుంచి చూసి గీసిందా? ఈ మూడోది వెటకారం కాదక్కా, ఒట్టు.

ఇనుపరజనులో మునిగిన
తమ్ముడు


మార్చి 20

ఒట్టులయ్యా,

టోపీ రోజు కూడా ఒట్టు వేశావు, ఫోనులో, మాస్టారి గొంతుతో. నీ ప్రశ్నలు మూడూ చదివాను. మూడింటికీ ఒకే జవాబు: నోరు మూసుకుని గీసింది గీసినట్టు చెయ్యి. పైనుంచి చూశానా కిందనుంచి చూశానా అట! ఆకాశం నుంచి చూశాను, చాలా?

నాకు వేళాకోళానికి టైము లేదురా. నా కుర్చీకి పోటీ వచ్చినవాడు నిన్న హాలుకొచ్చాడు. మీటల పెట్టె, అదే కీబోర్డు, వాయిస్తాడు. అందులో ఒక మీట నొక్కితే స్టీల్ గిటార్ గొంతు వస్తుందట. వచ్చింది, విన్నాను. జలుబు చేసిన పిల్లి. అయినా మాస్టారు తలూపారు. "అమ్మా, నీ వాయింపుకి వంక పెట్టను. కానీ హాలు తెరిచే రోజున ఆ మొదటి పాట సగంలో ఆగకూడదు. పన్నెండో తారీకుకల్లా వాయించి వినిపిస్తే సరే, లేకపోతే ఈయన" అన్నారు. ఆయనది మంచి మనసే. అందుకే సరే అని వచ్చేశాను.

ఆ కుర్చీ ఆడదానికి ఎందుకని మొదట్లో ఎంతమంది అన్నారో నీకు తెలుసు. దాన్ని జలుబు పిల్లికి వదలను.

తొందరగా పంపు. వెల్డింగ్ మర్చిపోకు.

అక్క


మార్చి 27

అక్కా, అక్కా, అక్కా!

పార్సెల్ పంపాను! గోనెసంచిలో పాత దుప్పటి, దుప్పటిలో పెడళ్ళు, పెడళ్ళ మధ్య మా ఆవిడ పెట్టిన రెండు సబ్బులు. సబ్బులు గిటార్‌కి కాదు, నీకు.

ఏం పని చేశాననుకున్నావు! రెండు పెడళ్ళూ ఒకే పట్టీ మీద వెల్డింగ్. నీ గిటార్ కాళ్ళు బయటికి వాలి ఉంటాయని కొలతల్లో ఉంది కదా, ఆ వాలుకి సరిగ్గా ఒదిగేలా బిగింపు చేశాను. గడియ పెట్టినట్టు టక్‌మని కూర్చుంటుంది. ఏనుగు తొక్కినా కదలదు. వెల్డింగ్ చేసేటప్పుడు కనుబొమ్మ ఒకటి సగం కాలింది. ఇప్పుడు నేను ఏం చెప్పినా ఆశ్చర్యపోతున్నట్టు కనిపిస్తున్నాను.

కొత్తవి కుడివైపు ఎందుకు పెట్టించావా అని రెండు రోజులు ఆలోచించాను. తర్వాత తట్టింది. బాగున్న కాలికి పని చెప్పావు! తెలివంటే నీది. అందుకే నా ప్రశ్నకి విసుక్కున్నావు.

మొదటి స్వరం వాయించాక ఆ నిమిషమే రాయి.

సగం కనుబొమ్మ
తమ్ముడు


ఏప్రిల్ 4

ఏమని పిలవాలో తెలియనివాడికి,

పార్సెల్ వచ్చింది. మీ బావ, నేనూ చిన్నపిల్లల్లా గోనె చింపాం. ఎంత అందంగా ఉన్నాయిరా! గిటార్ ఎడమకాలికి పెట్టి చూశాం. పట్టలేదు. తిప్పి పెట్టాం. పట్టలేదు. కుడికాలికి పెట్టాం. టక్‌మని కూర్చున్నాయి. నువ్వన్నట్టే, ఏనుగు తొక్కినా కదలవు.

గిటార్‌ని మంచం మీద తిరగేసి పెట్టి, నా అంచు నా వైపుకి వచ్చేలా అటు వెళ్ళి కూర్చుని గీశానురా ఆ బొమ్మ. కిందనుంచి చూసి గీసింది. తిరగేస్తే ఎడమ కుడి అవుతుందని నాకు తట్టలేదు. నీకు తట్టింది కదా! తట్టినవాడివి ఇంకోసారి అడగలేవా? మాస్టారి మొహం, మేజోళ్ళు, వాటి మధ్య ఇరికించి అడుగుతావా?

ఇప్పుడు చెప్పు. ఎడమపాదం పాత మూడు పెడళ్ళ మీద ఉండాలి. కుడిపాదం నీ కొత్తవాటి మీద పెట్టాలి. మరి వాల్యూం పెడల్ ఎవరు తొక్కుతారు? మా అత్తగారా?

అది లేకుండా వాయించి చూశాను. ఐదు పెడళ్ళూ పనిచేస్తున్నాయి. కడ్డీలు మూరెడు పొడుగైతే మీ బావ కోసి సరిచేశారు. శ్రుతి అద్భుతంగా ఉంది. కానీ ప్రతి స్వరం తలుపు విసిరినట్టే. ఊపిరి లేదు. పాట నిలబడి ఉంది, బతికి లేదు.

పన్నెండుకి ఎనిమిది రోజులే ఉన్నాయి. తిప్పి పంపితే పోనూ రానూ దానికే సరిపోతుంది. వెల్డింగ్ ఊడదు. వెల్డింగ్ చెయ్యమన్నది కూడా నేనే.

అక్క


ఏప్రిల్ 7

అక్కా,

నీ ఉత్తరం కొట్టులో నిలబడి చదివాను. తర్వాత స్టూలు మీద కూర్చున్నాను. ఎవరో మిషన్ తెస్తే రేపు రమ్మన్నాను.

తప్పు నీది కాదు. నా జీవితంలో అడిగిన ఒకే ఒక్క మంచి ప్రశ్న అది. దాన్ని కూడా రెండు కోతి ప్రశ్నల వెనక నిలబెట్టాను. నువ్వు నమ్మలేదంటే నమ్మకుండా చేసింది ఎవరు? ఇన్నాళ్ళూ అందరినీ నవ్విస్తున్నా అనుకున్నాను. నిజం చెప్పే రోజున నా నోరు ఎవరికీ పనికిరాదని అనుకోలేదు.  

గిటార్ ఎడమకాలికి సరిపోయే బిగింపుతో ఇంకో జత పెడళ్ళు ఇవాళే మొదలుపెట్టాను. పన్నెండుకి అందదని తెలుసు. అయినా చేస్తాను. నువ్వు మాస్టార్ని ఇంకొన్ని రోజులు గడువు అడుగు. నా పేరు చెప్పి తిట్టు. ఆయనకి నేనంటే ఎలాగూ పడదు.

తల వంచుకున్న
తమ్ముడు

తా.క. మీ అత్తగారి దాకా ఎందుకు, బావ ఉన్నాడుగా. పక్కన కూర్చోబెట్టి వాల్యూం పెడల్ ఆయన కాలి కింద పడెయ్. ముప్ఫయ్యేళ్ళు తొక్కిన కాలు, కొట్టు మూశాక ఖాళీగానేగా ఉంటుంది.


ఏప్రిల్ 10

తమ్ముడూ,

నీ తాజాకలం చదివి మీ బావ నోట్లోంచి గుండుసూదులు తీసి బల్ల మీద పెట్టారు. ఆయన మాట్లాడబోయే ముందు మాత్రమే అలా తీస్తారు. "చూద్దాం" అన్నారు. అంతే అన్నారు.

వైరు పొడుగుదే. పెడల్ ఆయన కాలి దగ్గరికి జరిపాం. మొదటిసారి దారుణం. ఆయన స్వరానికి స్వరానికి కుట్టు వేసినట్టు తొక్కారు. రెండోసారి నా చేతులు చూసి తొక్కారు, ఆలస్యమైంది. మూడోసారి చూడ్డం మానేసి కళ్ళు మూసుకున్నారు.

ఎక్కువ రాయను. సాధన ఉంది. నీకు బుర్ర ఉందిరా!

అక్క


ఏప్రిల్ 13

అక్కా, ఆగు!

కొంపలంటుకున్నాయి! అది జోక్! తాజాకలం అంటేనే జోక్! ఉత్తరమంతా ఏడిస్తే నువ్వు కూడా ఏడుస్తావని చివర్లో ఒక ముక్క తగిలించాను, అంతే. బావని అంతమంది ముందు కూర్చోబెడతావా? పెళ్ళిలో ఫొటోకి నిలబడమంటేనే చెమటలు పట్టి స్తంభం వెనక దాక్కున్న మనిషాయన. మధ్యలో లేచి వెళ్ళిపోతే? నవ్వులపాలైతే? ఒకసారి నీ నెత్తిన టోపీ పెట్టించింది చాలు, ఈసారి నీ కుర్చీయే పోతుంది.

ఎడమకాలి జత తయారైంది, ఇవాళే పంపాను. పన్నెండు దాటిపోయింది, ఏమైందో నాకు తెలీదు.  ఫోను చేశాను, ఎత్తలేదు. మళ్ళీ చేశాను, ఎత్తలేదు. నా సొంత గొంతుతోనే మాట్లాడేవాణ్ణి.

ఇది వెటకారం కాదు. ఇది వెటకారం కాదు. ఇది వెటకారం కాదు.

తమ్ముడు


ఏప్రిల్ 21

ఒరేయ్ నా సూదీ,

మూడుసార్లు రాశావు కాబట్టి వెటకారమే అనుకున్నాను. మాకు ధైర్యం చాలదేమో అని రెచ్చగొడుతున్నావని నవ్వుకుని పక్కన పెట్టేశాను. నిజంగానే భయపడ్డావా? పాపం!

విను, మొదటి నుంచి చెప్తాను. పన్నెండున మాస్టారి ముందు వాయించాం. ఆయన మీ బావని చూసి, "ఈయనెవరు?" అన్నారు. "నా కుడికాలు" అన్నాను. పాట పూర్తిగా విన్నారు. అయ్యాక, "కుర్చీ ఒకటే ఇవ్వగలను" అన్నారు. మీ బావ కొట్టులో స్టూలు భుజాన వేసుకొచ్చారు.

పద్దెనిమిది సాయంత్రం. కొత్త హాలు, ఇంకా రంగు వాసన. ముందు వరుసలో జలుబు పిల్లి తన పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు, అవసరమైతే ఎక్కడానికి. తెర లేచింది. నేను ఎర్రటోపీ పెట్టుకుని కూర్చున్నాను. అవునురా, అదే టోపీ. మీ బావకి కూడా ఒకటి కుట్టించాను, ఆయన చేతే. "అందరూ నవ్వడమేదో ముందే నవ్వేస్తే తర్వాత వింటారు" అన్నారాయన. తెర లేచాక కూడా ఆయన నోట్లో గుండుసూదులు అలాగే ఉన్నాయి, అలవాటు.

మాస్టారు వేళ్ళు విరిచారు. "ఒకటీ... రెండూ... మూడూ..." రెండు టోపీలు చూశారు. ఆగిపోయారు. హాలు గొల్లుమంది. ఆయన కూడా నవ్వేశారు, నేనెప్పుడూ చూడలేదు ఆ పళ్ళు. తర్వాత మెల్లగా, "నాలుగు" అన్నారు.

మొదటి స్వరం. నేను తీగ మీటాను, ఏమీ వినపడలేదు. అప్పుడు మీ బావ కాలు కదిలింది. ఆ స్వరం లేచింది చూడూ! నేను ఒక్కదాన్నే తొక్కినప్పుడు ఎన్నడూ అంత నెమ్మదిగా లేవలేదు. నాకు తొందరెక్కువ, ఆయనకి లేదు. ఎక్కడ ఊపిరి తీస్తానో, ఎక్కడ ఆపుతానో ఆయనకి తెలుసురా. ఇన్నేళ్ళు పక్కగదిలో మిషన్ తొక్కుతూ నా సాధన విన్నది ఆ కాలే కదా. నీ కొత్త పెడళ్ళు రెండూ కలిపి తొక్కిన చోట హాలంతా "ఆ" అంది. నేనూ అన్నాను.

పాట సగంలో ఆగలేదు.  అయ్యాక ముందు వరుసలోని పోటీవాడు పెట్టె కింద పెట్టి చప్పట్లు కొట్టాడు. మంచివాడే, జలుబు పెట్టెదే.

కుర్చీ నాదే. వచ్చేవారం కార్యక్రమం కాగితం మీద మాస్టారు, "స్టీల్ గిటార్: ఇద్దరు" అని రాయించారు. మీ బావ ఆ కాగితం మడిచి కొలతల పుస్తకంలో పెట్టుకున్నారు.

నీ రెండో పార్సెల్ నిన్న అందింది. గిటార్ ఎడమకాలికి పట్టే జత. అది పెడితే అంతా నేను మొదట అడిగినట్టే అవుతుంది, కుడిపాదం మళ్ళీ వాల్యూం పెడల్ మీదికి వచ్చేస్తుంది. మీ బావ పార్సెల్ వైపు చూశారు, నా వైపు చూశారు. విప్పలేదురా. బీరువా మీద పెట్టేశాను. సబ్బులుంటే మరదలికి నా థాంక్స్ చెప్పు, అవీ విప్పను.

ఇంకో పని ఉంది. ఆ వాల్యూం పెడల్ నా పాదానికి చేసింది. మీ బావ పాదం వెడల్పు, మడమ బయటికి పోతోంది. వెడల్పు పలక ఒకటి చెయ్యి. బొమ్మ జతచేశాను, ఈసారి ఆయనే గీశారు. పైన ఎర్ర పెన్సిల్‌తో ఏం రాశారో చూడు: "పైనుంచి చూసి గీసినది. ఎడమ ఇటు. కుడి అటు. అనుమానముంటే వంద ప్రశ్నలు అడుగు."

ఆదివారం ఫోను చెయ్యి, ఎత్తుతాను. ఎవరి గొంతుతోనైనా సరే.

నీ అక్క